తాళాల మేస్త్రికి బహువచనం

తాళాల మేస్త్రి పొద్దున షాపుకి వెళ్ళే ముందు ఇల్లంతా ఒకసారి కలయజూసేవాడు. గుమ్మం పక్కన గొడుగు, వంటింటి గోడకి తగిలించిన చాకు, అద్దం దగ్గర దువ్వెన, మంచం కింద పెట్టె. సాయంత్రం రాగానే చెప్పులు విప్పకుండానే మళ్ళీ చూసేవాడు. పొద్దున ఒకటిగా ఉన్నది సాయంత్రానికి రెండయి కనబడితే భార్యని పిలిచేవాడు.

"గొడుగు రెండయిందేంటి?"

"పాఠంలో వచ్చిందండీ. అంబ్రెల్లా, అంబ్రెల్లాస్."

"ఊరికే అన్నావా, పనుండి అన్నావా?"

"ఊరికే అన్నాను."

మేస్త్రి రెండో గొడుగు తెరిచేవాడు. పుల్లలన్నీ వంచి చూసి, మళ్ళీ మూసి, మూలన పెట్టేవాడు. సరే అన్నట్టు తలూపేవాడు కానీ, ఆ తల లోపల మాత్రం ఏదీ సరే అనేది కాదు.

ఆమె ఇంగ్లీషులో ఏదైనా మాటని మొదటిసారి తప్పులేకుండా బహువచనం చేసి పలికితే, ఆ క్షణంలో కళ్ళెదుట ఉన్న వస్తువు రెండయ్యేది. ఒక మాట ఒక్కసారే పనిచేసేది. ఆ తర్వాత ఎన్నిసార్లు అన్నా అది ఉత్త మాటే. తప్పు పలికితే ఏమీ అయ్యేది కాదు. ఆ వీధిలో ఈ సంగతి అందరికీ తెలుసు. కొందరిళ్ళలో గోడలు చెమ్మగిల్లుతాయి, కొందరిళ్ళలో కుళాయి కారుతూ ఉంటుంది, ఈ ఇంట్లో ఇది. ఎదురింటి పిన్నిగారు ఇస్త్రీపెట్టె పట్టుకొచ్చి, "అమ్మాయ్, దీని మాట వచ్చేసిందా నీకు?" అని అడిగేది. ఇంకా లేదంటే, "వచ్చినప్పుడే రానీలే, ఇక్కడ పెట్టి వెళ్తా" అని బల్ల మీద పెట్టి పోయేది.

బంగారం సంగతి మేస్త్రి మొదట్లోనే అడిగించాడు. బంగారానికి ఇంగ్లీషులో బహువచనం లేదని ట్యూషన్ టీచరమ్మ చెప్పి పంపింది. పాలకీ నీళ్ళకీ కూడా లేదట. మన పాలూ నీళ్ళూ ఎప్పుడూ బహువచనంలోనే ఉంటాయి కదా, వాళ్ళకి మాత్రం ఎందుకు లేదు, దాన్ని ఎవరు దాచారు అని మేస్త్రి కొన్నాళ్ళు ఆలోచించాడు.

ఆమె పెద్దాసుపత్రిలో బట్టల గదిలో పనిచేసేది. వార్డుల నుంచి వచ్చే దుప్పట్లూ, దిండు గలీబులూ, తువ్వాళ్ళూ ఉతికించి, ఆరబెట్టించి, మడతలు వేయించి, ఏ వార్డువి ఆ వార్డుకి పంపాలి. చేతిపనిలో ఆమెకి తిరుగులేదు. ఆ గదికి పెద్దగా ఉన్నావిడ త్వరలో మానేస్తోంది. ఆ కుర్చీ కావాలంటే వార్డులతో ఇంగ్లీషులో మాట్లాడాలి. ఒకరోజు ఫోన్లో ఎవరో ఏమేం పంపారని అడిగితే ఈమె "టెన్ షీట్, ట్వంటీ టవల్" అంది. అవతల ఇద్దరు నవ్వారు. ఆ నవ్వు చెవిలోంచి పోలేదు. ట్యూషన్లో చేరింది. టీచరమ్మ మొదటి రోజు ఆమె మాటలు కాసేపు విని, "నీకు ఇంగ్లీషు బాగానే వచ్చమ్మా. ఒకటికి మించి ఉన్నచోటే చిక్కుకుంటున్నావు" అంది. అప్పటినుంచీ బహువచనాల మీదే కూర్చున్నారు.

మేస్త్రి ఈ ఉద్యోగానికి ఒప్పుకోవడానికి కారణం ఉంది. బట్టల గది ఆసుపత్రి అడుగున నేలమాళిగలో ఉంటుంది, అక్కడ పనిచేసేవాళ్ళందరూ ఆడవాళ్ళే. అది స్వయంగా వెళ్ళి చూసొచ్చాకే సరేనన్నాడు. అంతకుముందు ఆమె మందుల షాపులో చేసేది. మేస్త్రి రోడ్డుకి అవతల నిలబడి, ఏ మనిషికి మందు ఎలా వాడాలో ఎంతసేపు చెప్తోందో చూసేవాడు. షాపాయన ఆమెని పిలిచి, "అమ్మా, మీ ఆయన అక్కడ నిలబడుతుంటే జనం లోపలికి రావడానికి జంకుతున్నారు" అన్నాడు. ఆమె మానేసింది. తర్వాత సినిమాహాల్లో టికెట్లు ఇచ్చే కిటికీ దగ్గర కుదిరింది. ఆ కిటికీకి ఎదురుగా ఒక స్తంభం ఉండేది. మేస్త్రి ఆ స్తంభాన్ని ఆనుకున్నాడు. అదీ పోయింది.

అతను చెడ్డవాడని వీధిలో ఎవరూ అనరు. తాగడు, చెయ్యెత్తడు, పని ఎగ్గొట్టడు. ఎవరింటి తాళంచెవి పోయినా ఆకురాయి, సన్నకడ్డీ పట్టుకుని పరుగున వచ్చేవాడు. బతుకంతా మూసిన తలుపులు తీసినవాడు. తీయలేని తాళం అంటూ లోకంలో లేదని అతనికి తెలుసు. అదే అతని బాధ.

ప్రతి సాయంత్రం భార్య చేత పాఠం అప్పజెప్పించుకునేవాడు.

"నైఫ్‌కి నైవ్స్ అండీ."

"ఎఫ్ ఏమైంది?"

"పోయింది. దాని బదులు వి వచ్చింది."

"ఎందుకు పోయింది?"

"రూలు."

"ఉన్నట్టుండి ఎలా పోతుంది? ఎవరో పంపించేసి ఉంటారు," అనేవాడు మేస్త్రి, రెండో చాకుని వెలుతురులో తిప్పి చూస్తూ.

షీప్ అన్న మాట దగ్గర అతను మరీ ఇబ్బంది పడ్డాడు. గొర్రె ఒకటున్నా మంద ఉన్నా అదే మాట అని ఆమె చెప్పింది. మేస్త్రి కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. "అంటే, లోపల ఎంతమంది ఉన్నారో బయటివాళ్ళకి తెలియకూడదని పెట్టుకున్న మాట అన్నమాట," అన్నాడు. ఆమె పుస్తకంలో తర్వాతి మాటకి వెళ్ళిపోయింది. ఏమన్నా అది మళ్ళీ రేపటికి ప్రశ్న అవుతుందని ఆమెకి అలవాటే.

ఒక సాయంత్రం అతను వచ్చేసరికి గుమ్మం పక్క మేకుకి తాళంచెవులు రెండున్నాయి. కీ, కీస్. మేస్త్రి వాటి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"ఇంటికి రెండో తాళంచెవి దేనికి?"

"దేనికీ కాదండీ. వై ముందు అచ్చు ఉంటే ఎస్ చేరిస్తే చాలు అని పాఠం. ఎదురుగా అదే కనబడింది."

"ఎవరికిద్దామని?"

"గోడకే ఉందిగా."

"ఇప్పుడుంది. మధ్యాహ్నం ఎక్కడుంది?"

మర్నాడు పొద్దున్నే అతను తలుపుకి తాళం మార్చేశాడు. కొత్త తాళంచెవి తన జేబులో వేసుకుని షాపుకి వెళ్ళిపోయాడు. ఆమె ఆసుపత్రి నుంచి వచ్చి, అతను వచ్చేదాకా బయట మెట్ల మీద కూర్చుంది. పిన్నిగారు కుర్చీ తెచ్చి వేసింది. "ఇట్లా ఎన్నాళ్ళమ్మాయ్?" అంది. ఆమె పుస్తకం తెరిచి చదువుకుంటూ ఉండిపోయింది.

తాళం మార్చాక కూడా మేస్త్రికి నెమ్మది లేదు. ఇప్పటిదాకా వచ్చిన మాటలు కాదు, రాబోయే మాటలు అతన్ని పట్టుకున్నాయి. ఒకరోజు షాపు మధ్యలో మూసి టీచరమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆమె చెప్పుల కొట్టు పైన గదిలో ఉండేది. గదిలో రెండు బెంచీలు, ఒక నల్లబల్ల. మేస్త్రి ముందు గుమ్మం తాళం చూశాడు, తర్వాత కిటికీ గొళ్ళెం చూశాడు, ఆ తర్వాత ఆమెని చూశాడు.

"ముందుముందు ఏ మాటలు వస్తాయో నాకు చెప్పాలి టీచర్‌గారూ."

"వచ్చేవారం రూలుకి లొంగనివి మొదలుపెడతాం. ఫుట్, ఫీట్. టూత్, టీత్. మ్యాన్, మెన్."

మేస్త్రి చూపు మళ్ళీ గుమ్మం తాళం మీదికి పోయింది.

"ఆ చివరిది వదిలేస్తే కుదరదా అండీ?"

"ఎలా కుదురుతుంది బాబూ? ఆసుపత్రిలో మగవాళ్ళ వార్డుకి ఫోన్ చేసి ఏమని చెప్తుంది?"

"నేను ఎదురుగా ఉండగా అంటే?"

"మీరు ఎదురుగా ఉండకండి," అంది టీచరమ్మ.

మేస్త్రి షాపుకి తిరిగొచ్చి పని ముందు పెట్టుకున్నాడు కానీ చేతులు సాగలేదు. భార్య ఆ మాట అంటుంది, ఇంకొకడు వస్తాడు. వాడు ఎలా ఉంటాడు? తనలాగే ఉంటాడు. తన చెప్పులు వేసుకుంటాడు, తన కుర్చీలో కూర్చుంటాడు. ఆమె వాడి వైపు చూసి నవ్వుతుందేమో. తనని చూసి ఆమె నవ్వి చాలా కాలమైంది. వాడికి ఆ నవ్వు ఎందుకు దక్కాలి? ఇంకా పుట్టని మనిషి మీద అంత కోపం రావడం అతనికి ఇదే మొదటిసారి. ఆకురాయి గట్టిగా తోసేసరికి తాళంచెవి పళ్ళు విరిగాయి.

ఇంటికెళ్ళి భార్యతో అన్నాడు. "ఆ మాట నేనుండగా అనకు. కిటికీలోంచి వీధిలో ఎవడైనా కనబడుతుండగా కూడా అనకు. ఆదివారం మధ్యాహ్నం నేను బయటికెళ్తాను. తలుపూ కిటికీ మూసుకుని, ఒక్కదానివే ఉండి, ఒక్కసారి అనేసెయ్. మాట ఖర్చయిపోతుంది. గొడవ ఉండదు."

"అలాగే," అంది ఆమె.

అంత తొందరగా అలాగే అనడం అతనికి నచ్చలేదు.

ఆదివారం భోజనమయ్యాక మేస్త్రి అందరికీ వినబడేట్టు చెప్పులు టకటకలాడించుకుంటూ బయల్దేరాడు. వీధి మలుపు దాకా వెళ్ళాడు. అక్కడ ఆగిపోయాడు. తను బయట ఉన్నాడు, తలుపులు మూసి ఉన్నాయి, లోపల ఎవరూ లేరని తనకెలా తెలుసు? మూసిన తలుపుల వెనక ఆమె ఆ మాట ఎవరిని చూసి అంటుంది? చెప్పింది తనే అన్న సంగతి అతనికి అప్పుడు గుర్తు రాలేదు. అలా చెప్పేట్టు ఆమే చేసిందేమో అని కూడా అనిపించింది.

వెనక సందులోంచి వచ్చాడు. పెరటి తలుపు గడియ అతనికొక లెక్క కాదు. చప్పుడు లేకుండా వంటింట్లోంచి నడిచి, ముందు గదిలో పక్కబట్టలు పెట్టుకునే గూడుకి వేలాడే తెర వెనక చేరాడు.

ఆమె గది మధ్య కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్ళో పుస్తకం.

"మ్యాన్," అంది.

ఆ తర్వాత చాలాసేపు ఏమీ వినబడలేదు. ఎవరినో చూస్తోందా? తలుపు వైపా, కిటికీ వైపా? మేస్త్రి వేలితో తెర కాస్త పక్కకి జరిపాడు.

"మెన్," అంది ఆమె.

తెర వెనక ఉన్నట్టుండి ఇరుకైంది.

ఒకరి తర్వాత ఒకరు ఇద్దరు మేస్త్రీలు బయటికొచ్చి నిలబడ్డారు. ఒకే చొక్కా, అదే నెరిసిన చెంపలు, చూపుడువేలి మీద అదే ఆకురాయి గాటు. ఆమె పుస్తకం మూసింది. ఇద్దరినీ ఒకసారి చూసి, "కాఫీ పెట్టనా?" అని లేచింది.

తెర కింద చెప్పులు కనబడ్డాకే ఆమె ఆ మాట అన్నదా, చూడకుండా అన్నదా అని పిన్నిగారు తర్వాత చాలాసార్లు కూపీ లాగింది. ఆమె ఎప్పుడూ ఒకటే చెప్పేది. "పాఠంలో వచ్చింది పిన్నిగారూ." పిన్నిగారు ఆ మొహంలోకి తేరిపార చూసి, ఏమీ దొరక్క, "సర్లే. ఇద్దరయ్యారుగా, ఒకాయన్ని మా గొళ్ళెం చూడమను, ఊగుతోంది" అని వెళ్ళిపోయేది.

అసలు మేస్త్రి ఎవరు, రెండోవాడు ఎవరు అన్నది వీధిలో ఎవరికీ పట్టలేదు. పట్టింది వాళ్ళిద్దరికే. పొద్దున్నే మొదలయ్యేది.

"నేను షాపుకి వెళ్తున్నా," అనేవాడు ఒకడు.

"వెళ్ళు," అనేవాడు రెండోవాడు.

మొదటివాడు గుమ్మం దాకా వెళ్ళి ఆగేవాడు. "నువ్వు రావా?"

"నాకు ఇంట్లో పనుంది."

"ఏం పని?"

"నీకెందుకు?"

"చెప్పడానికి అంత కష్టమైతే ఏదో ఉందన్నమాటే."

చివరికి ఇద్దరూ కలిసి వెళ్ళేవాళ్ళు, లేదా ఇద్దరూ ఇంట్లోనే ఉండిపోయేవాళ్ళు. భోజనం దగ్గర ఎవరి పళ్ళెంలో కూర ముందు పడిందో చూసుకునేవాళ్ళు. ఆమె "ఏమండీ" అంటే ఇద్దరూ తల తిప్పేవాళ్ళు, వెంటనే ఒకరినొకరు చూసుకునేవాళ్ళు. ఒకడి మనసులో ఏం తిరుగుతోందో రెండోవాడికి పూర్తిగా తెలుసు, ఎందుకంటే తన మనసులోనూ అదే తిరుగుతోంది. దాంతో ఇద్దరికీ ఊపిరి సలపలేదు. ఆమెని పాఠం అప్పజెప్పమని అడగడం ఇద్దరూ మర్చిపోయారు.

ఆసుపత్రిలో ఇంటర్వ్యూ రోజు వచ్చింది. ఆమె ఇస్త్రీ బట్టలు కట్టుకుని, "వెళ్ళొస్తా" అంది. ఒకడు లేచాడు. లేచినవాణ్ణి చూసి రెండోవాడు లేచాడు.

"నువ్వెక్కడికి?"

"నువ్వెక్కడికైతే నేనూ అక్కడికే."

"నువ్వు కూర్చుంటే నేను కూర్చుంటా."

ఇద్దరూ కూర్చున్నారు. ఆమె వెళ్ళింది.

రోడ్డు మీద ఆమె అలవాటుగా మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. స్తంభాల చాటున, ఆగి ఉన్న బస్సుల పక్కన, షాపుల మెట్ల మీద ఎవరూ లేరు. ఇన్నేళ్ళుగా వీపు మీద ఉన్న చూపు లేకపోయేసరికి ముందు ఆమెకి అనుమానం వేసింది. ఇందులో ఏదో ఉంది, ఎక్కడో ఉండి చూస్తున్నారు అనుకుంది. ఆసుపత్రి గేటు దాటేదాకా ఆ అనుమానం వదల్లేదు. లోపలికి వెళ్ళాక ఆమె నడక మారింది. సూపరింటెండెంటు వార్డుల గురించీ, బట్టల గురించీ, చిరిగిన వాటిని ఏం చేస్తారన్న దాని గురించీ అడిగాడు. ఆమె షీట్స్ అంది, టవల్స్ అంది, నీడిల్స్, త్రెడ్స్, షెల్వ్స్ అంది. ఎక్కడా ఒక్క ఎస్ కూడా జారిపోలేదు. నవ్వినవాళ్ళెవరూ లేరు.

ఉద్యోగం ఇచ్చారు. దానితో పాటు ఆసుపత్రి వెనక సిబ్బంది ఇళ్ళలో ఒక గది కూడా ఇచ్చారు.

ఆ సాయంత్రం ఆమె ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది. "నాకు అక్కడ గది ఇచ్చారు. వెళ్ళి అక్కడే ఉంటాను."

"ఎవరితో?" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"ఒక్కదాన్నే."

మేస్త్రీలు ఒకరి వైపు ఒకరు తిరిగారు. "నువ్వూ ఆమే ముందే మాట్లాడుకున్నారా?" అన్నాడు ఒకడు. "ఆ మాట నిన్ను అడగాలి నేను," అన్నాడు రెండోవాడు. "పొద్దున నువ్వు గుమ్మం దగ్గర దేనికి ఆగావు?" "చెప్పులో రాయి పడింది." "ఏదీ రాయి?" వాళ్ళు ఆ రాయి సంగతి తేల్చుకునేలోగా ఆమె పెట్టె సర్దుకుంది. పిన్నిగారు ఒక చెయ్యి వేసి పెట్టెని రిక్షాలో పెట్టించింది. అది మలుపు తిరిగేవేళకి కూడా లోపల రాయి మాటే నడుస్తోంది.

వేసవి పోయి వానలు మొదలయ్యాక, ఒక మధ్యాహ్నం బట్టల గది గుమ్మంలో మేస్త్రి కనబడ్డాడు. ఒక్కడే. చిక్కిపోయాడు. పనివాళ్ళు భోజనాలకి వెళ్ళారు. ఆమె ఒక్కతే ఆరిన దుప్పట్ల గుట్ట ముందు నిలబడి ఉంది. అతను లోపలికి రాలేదు. గుమ్మం దగ్గరే ఆగి, ఆమెని కాదు, నేలని చూస్తూ మాట్లాడాడు.

"నిన్న షాపులో ఒకావిడ చంటిపిల్లని ఎత్తుకొచ్చింది. ఆ పిల్ల నా ఆకురాయి పట్టుకుని లాగింది. నవ్వొచ్చి నవ్వాను. వెనక్కి తిరిగితే వాడు చూస్తున్నాడు. దేనికి నవ్వావు అన్నాడు. ఊరికే అన్నాను. నమ్మలేదు. సాయంత్రం దాకా అడిగాడు. రాత్రి కూర్చోబెట్టి మళ్ళీ అడిగాడు. నేను నిజంగా ఊరికే నవ్వాను."

ఆమె దుప్పటి అంచు చేత్తో సరిచేస్తూ వింది.

"వాడి చూపు నీకు తెలుసు," అన్నాడు మేస్త్రి. "నాకు తెలీదు, ఇన్నాళ్ళూ. అద్దంలో అది కనబడదు."

ఆమెకి అనుమానం వచ్చింది. ఇది కొత్త ఎత్తేమో. ఇద్దరూ కలిసి అనుకుని ఒకణ్ణి పంపారేమో. గది చూసిరమ్మన్నారేమో, గదిలో ఇంకెవరైనా ఉన్నారేమో చూడమన్నారేమో. ఆమె కళ్ళు సన్నం చేసి అతన్ని పై నుంచి కింద దాకా చూసింది. అతను ఆ చూపు గుర్తుపట్టాడు. తప్పించుకోకుండా నిలబడ్డాడు.

"రెండో ఆయన ఏడీ?" అంది.

"గేటు దగ్గర. నేనేం చెప్తున్నానో అని చూస్తున్నాడు."

నేలమాళిగ గోడకి పైన, నేలకి సమానంగా ఒక చిన్న కిటికీ ఉంది. అందులోంచి గేటు కనబడుతుంది. అక్కడ వానలో గొడుగు లేకుండా ఒక మనిషి మెడ సాచి నిలబడి ఉన్నాడు.

ఆమె ఆ కిటికీ వైపు కాసేపు చూసింది. తర్వాత గుట్ట మీద నుంచి ఒక దుప్పటి లాగి, రెండు కొసలు తను పట్టుకుని, మిగతాది అతని వైపు విసిరింది.

"అటు కొసలు పట్టుకో. లాగి పట్టుకో, ముడతలు పోవాలి."

పెళ్ళయినప్పటినుంచీ ఆమె అతన్ని ఏకవచనంలో పిలవడం అదే మొదలు. అతను తల ఎత్తాడు. గుమ్మం దాటి లోపలికొచ్చి, కొసలు పట్టుకున్నాడు. ఇద్దరూ చెరోవైపు నిలబడి దుప్పటి బిగలాగారు. సగానికి మడిచారు. ఆమె ముందుకొచ్చి అతని చేతిలోని కొసలు అందుకుంది, అతను వంగి కింద మడత పట్టుకుని పైకి అందించాడు. మొదటి దుప్పటి వంకరగా వచ్చింది. "చూపు కొసల మీద పెట్టు, నా మీద కాదు," అంది. రెండోది మెరుగ్గా వచ్చింది. నాలుగైదు అయ్యేసరికి అతని చేతులకి లెక్క తెలిసింది.

గుట్ట సగానికి దిగాక అతను కిటికీ వైపు చూశాడు. గేటు దగ్గర ఎవరూ లేరు.

"షాపు తీయడానికి వెళ్ళుంటాడు," అన్నాడు.

వాడు వెళ్ళిన మాట నిజమే. ఆ షాపుని వాడే నడిపాడు, చాలా ఏళ్ళు. వీధిలో తాళాలన్నీ వాడే చూశాడు. ఇల్లు చేరగానే ఇంట్లోని వస్తువులన్నీ కలయజూసుకునేవాడని, ఏదీ ఎప్పుడూ ఒకటికి రెండు కాలేదని, అయినా చూడటం మానలేదని పిన్నిగారు చెప్పేది. బట్టల గదిలో ఉండిపోయినవాడు ఆసుపత్రిలో తలుపుల గొళ్ళేలూ, మంచాల చక్రాలూ బాగుచేసే పనిలో కుదిరాడు. ఆమె గదికి మాత్రం ఆదివారాలు వచ్చేవాడు, పిలిస్తేనే. వచ్చినప్పుడు బయట నిలబడి తలుపు తట్టి, ఆమె తీసేదాకా ఆగేవాడు. ఒక్కోసారి ఆమె కావాలనే చాలాసేపు తీసేది కాదు. గొళ్ళెం వెనక నిలబడి, అతను ఏం చేస్తాడో అని వినేది.

బయట ఏ చప్పుడూ ఉండేది కాదు. అతను ఊరికే నిలబడి ఉండేవాడు.